సాక్ష్యంలో చెప్పని మాట

ఆ సోమవారం పొద్దున్న ప్రేమావతి పెరట్లో కొళాయి దగ్గర కూర్చుని గుండిగ తోముతోంది. ముందురోజు ఇంట్లో కృతజ్ఞతా కూటం జరిగింది. పెదబొడ్డేపల్లిలో ఆ సందు సందంతా వచ్చి, పాటలు పాడి, ప్రార్థన చేసి, కోడికూరతో కడుపునిండా తిని వెళ్ళింది. చర్చి నుంచి తెచ్చిన గుండిగలు, గరిటెలు మధ్యాహ్నానికల్లా తిరిగి అప్పజెప్పాలి. కొబ్బరిపీచుతో అడుగు రుద్దుతూనే ఆవిడ పాట అందుకుంది. కొన్ని అక్షరాలు ఇంకా నోట్లో తడబడుతున్నాయి. అయినా పాడుతోంది. పాట లేకుండా ప్రేమావతి గిన్నె కూడా కడగదని ఆ వీధిలో అందరికీ తెలుసు.

కోడలు జెన్నీ లోపల టిఫిన్ డబ్బాలు సర్దుతోంది. ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరు. భర్త జోసఫ్ రాజు మందుల కంపెనీ బస్సెక్కి తెల్లవారకుండానే డ్యూటీకి వెళ్ళిపోయాడు. మామగారు దావీదు వరండాలో కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. చింతపల్లి రోడ్డులో ఆయనకి మోటార్లు రీవైండింగ్ చేసే షాపు ఉంది. చుట్టుపక్కల చెరుకు రైతులకి బోరు మోటారు కాలిపోతే ముందు గుర్తొచ్చేది దావీదే.

జెన్నీ ఫోను మోగింది. అవతల విశాఖ ఆసుపత్రి నుంచి ఎవరో అమ్మాయి. కోసిన ముక్క పరీక్ష ఫలితం వచ్చిందనీ, డాక్టరుగారు రేపే రమ్మన్నారనీ, పేషెంటుని తప్పకుండా తీసుకురావాలనీ చెప్పింది. జెన్నీ సరేనని పెట్టేసి, పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. అత్తగారి పాట మధ్యలో ఆపాలంటే ఎవరికైనా ఇబ్బందే.

ఏం జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

క్రిస్మస్ ముందు ప్రేమావతికి నాలుక ఎడమ అంచున చిన్న పుండు లేచింది. పన్ను ఒరుసుకుంటోందంది. తేనె రాసింది, సబ్జాలు నానబెట్టుకు తాగింది, వేడి చేసిందని మజ్జిగన్నం తింది. పంటినొప్పికని ఏళ్ళ తరబడి వాడుతున్న నల్ల పళ్ళపొడిని మాత్రం మానలేదు. అందులో పొగాకు ఉందంటే ఒప్పుకునేది కాదు. చుట్ట కాల్చే ఆడవాళ్ళకి బుద్ధులు చెప్పే మనిషి, తాను పొగాకు ముట్టుకున్నట్టు ఎలా ఒప్పుకుంటుంది? పుండు ఎంతకీ మానకపోతే జెన్నీయే పట్టుబట్టి విశాఖ తీసుకెళ్ళింది. చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే అన్నారు. కాకపోతే మొదటి దశ, బేగి వచ్చారు, అదృష్టం అన్నారు. నోట్లోంచే నాలుక అంచు కోసి కుట్లు వేసి కొద్దిరోజుల్లో ఇంటికి పంపేశారు.

ఈ సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదు. పాయకరావుపేటలో చెల్లెలింటికి వెళ్ళిందనీ, అక్కడ పన్ను పీకించుకుందనీ చెప్పారు. ఆ ఆలోచన దావీదుది. నోటి క్యాన్సర్ అంటే జనం ఎంగిలికి భయపడతారు, గ్లాసుకి భయపడతారు. అది అంటురోగం కాదని ఎంత చెప్పినా వినరు. పైగా నెలకోసారి చర్చిలో జరిగే ప్రభు బల్లకి రొట్టె చేసేది ప్రేమావతి. పెళ్ళై ఈ ఊరు వచ్చిన కొత్తలో అత్తగారి చేతి నుంచి ఆ పని అందుకుంది. ఈస్టు లేకుండా పిండి కలిపి, పలచగా ఒత్తి, పెనం మీద కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి ఆదివారం పొద్దున్నే తీసుకెళ్ళేది. పాస్టరు అయ్యగారు విరిచి ఇస్తే సంఘమంతా తినేది ఆ రొట్టే. ఆ పని పోతే తన భార్య ఏమైపోతుందోనని దావీదు భయపడ్డాడు. అందులో తప్పేమీ లేదు. కానీ దాచిన మాట ఊరుకోదు, ఎక్కడో అక్కడ మొలకెత్తుతుంది.

అది కూటంలో మొలకెత్తింది. దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పమని అయ్యగారు అడిగితే ప్రేమావతి లేచి నిలబడింది. నోట్లో పుట్టిన పుండు తనని ఎంత భయపెట్టిందో, అన్నం తినలేక ఎంత ఏడ్చిందో, మోకాళ్ళూని ఎలా ప్రార్థించిందో కళ్ళనీళ్ళతో చెప్పింది. దేవుడు నా నాలుకని ముట్టి బాగుచేశాడంది. ఆపరేషన్ మాట మాత్రం రాలేదు. విన్నవాళ్ళందరూ స్తోత్రం అన్నారు. ముందు వరసలో కూర్చున్న సోమలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గొలుగొండ పైనున్న కొండగూడెం నుంచి చింతపండూ అడ్డాకులూ తెచ్చి అమ్ముకునే మనిషి, ప్రేమావతి వల్లే చర్చికి రావడం మొదలుపెట్టింది. ఆరోజు భోజనాల దగ్గర సోమలమ్మ కోడికూర పక్కకి నెట్టేసి వట్టి మజ్జిగన్నం తింటుంటే ప్రేమావతి చూసింది. పథ్యమేమోననుకుని ఇంకో గరిటె మజ్జిగ పోసి వెళ్ళిపోయింది.

మంగళవారం విశాఖలో డాక్టరుగారు ముగ్గురినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. నడివయసు మనిషి, తొందర లేనివాడు.

“పుండు పైకి చిన్నదేనమ్మా. మొదటి దశే. కోసిన అంచుల్లో కూడా ఏమీ మిగల్లేదు. కానీ ఈ జబ్బులో వెడల్పు కంటే లోతు ముఖ్యం. మీది మేము అనుకున్నదానికంటే లోపలికి దిగింది. అలా దిగినప్పుడు మెడలో ఉన్న గ్రంథుల్లోకి పాకి ఉండే అవకాశం ఉంటుంది. చేతికి తగలదు, స్కానింగులో కూడా ఒక్కోసారి కనబడదు.”

“ఉందాండీ మరి?” అన్నాడు దావీదు.

“తీసి చూస్తేనే తెలుస్తుంది. లేదంటే సంతోషం. ఉన్నా, ఇప్పుడే తీసేస్తే చాలామంది బాగుపడతారు. గడ్డ బయటికి కనబడేదాకా ఆగితే ఆ మాట నేను ఇంత ధైర్యంగా చెప్పలేను.”

మెడ పక్కన కోత పడుతుందనీ, కొన్నాళ్ళు భుజం బిగుసుకుపోతుందనీ, ఈ నెల దాటనివ్వొద్దనీ చెప్పాడు. ప్రేమావతి తల ఊపింది. బయటికొచ్చి బస్సెక్కాక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తాళ్ళపాలెం దాటి నర్సీపట్నం రోడ్డెక్కేదాకా నోరు విప్పలేదు. విప్పాక అన్న మొదటి మాట, “నేను రాను.”

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. జెన్నీ మెల్లగానే మొదలుపెట్టింది. సెలవు పెడతాననీ, దగ్గరుండి చూసుకుంటాననీ బతిమాలింది. దావీదు వరండాలో కూర్చుని వింటున్నాడు. ప్రేమావతి పొయ్యి దగ్గర నిలబడి చారులో పోపు వేస్తోంది.

“గోటితో పోయేదానికి గొడ్డలేటి?” అంది. “పుండు పోయింది. నొప్పి లేదు. మెడలో ఏటి లేదు. లేనిదానికి మెడ కోయించుకుంటారేటి ఎవరైనా?”

“లేదని ఎవరు చెప్పారత్తయ్యా? చూస్తేనే తెలుస్తుందన్నారు కదా.”

“దేవుడు సెప్పేడు.”

“దేవుడు డాక్టరు చేత కూడా చెప్పిస్తాడు.”

“మొన్న ఆదివారం సంఘం ముందు నిలబడి బాగైపోయింది అన్నాను నేను. ఇప్పుడు మెడకి కట్టు కట్టుకుని అదే చర్చికి ఎలగెళ్తాను? చూసినోళ్ళు ఏటనుకుంటారు? ప్రేమావతి సాక్ష్యం అబద్ధం అనుకోరేటి? నన్నంటే పర్లేదు. దేవుడు సగం బాగుచేసి వదిలేసేడనుకుంటే?”

జెన్నీకి అప్పుడు ఓపిక అయిపోయింది. ఆ పిల్ల సహజంగా నెమ్మదిమనిషి. కోపం వస్తే మాత్రం గొంతు పెరగదు, మాట పదునెక్కుతుంది.

“మీరు దేవుడి పరువు కోసం బాధపడట్లేదత్తయ్యా. మీ పరువు కోసం. ఆపరేషన్ జరిగిందని ఒక్క మాట చెప్పి ఉంటే ఈరోజు ఈ చిక్కే లేదు. డాక్టరు కోశాడు, దేవుడు నిలబెట్టాడు అంటే సరిపోయేది. అది చెప్పలేదు. ఎందుకంటే రొట్టె పోతుందని.”

గరిటె గిన్నెలో పడింది. ప్రేమావతి కోడలి వంక చూడలేదు. పొయ్యి ఆపేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పోపు వేసిన చారు అలాగే ఉండిపోయింది.

జెన్నీ వరండాలోకి వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. “మావయ్య గారూ, రైతు మోటారు తెచ్చి పైకి బాగానే తిరుగుతోందంటే మీరు విప్పి చూడకుండానే ఇచ్చేస్తారా?” అని అడిగింది.

బయట బాడీ నిగనిగలాడుతూ లోపల వైండింగ్ మాడిపోయిన మోటార్లు దావీదు జీవితమంతా చూశాడు. విప్పమంటే ఒప్పుకోని రైతుల్ని తిట్టాడు కూడా. ఇవాళ సొంత భార్య దగ్గర ఆ మాట అనే ధైర్యం లేకపోయింది. దాచమన్నది తానే కదా, ఇప్పుడు ఏ మొహంతో చెబుతాడు?

ఆ రోజు నుంచి అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం తగ్గిపోయింది. కావలసినంత వరకే. అన్నం పెట్టనా, పెట్టు. కరెంటు పోయింది, పోనీ. జోసఫ్ రాజు డ్యూటీ నుంచి వచ్చి అమ్మని ఒకసారి, పెళ్ళాన్ని ఒకసారి బతిమాలేవాడు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగి నలిగి చివరికి వాడు కూడా మానేశాడు. నెల మొదటి ఆదివారం వచ్చింది. ప్రేమావతి రొట్టె చేసింది. తెల్లగుడ్డలో చుట్టి తీసుకెళ్ళింది. ఎప్పటిలాగే అందరూ తిన్నారు. జెన్నీ మాత్రం తన ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుని, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది.

డాక్టరు చెప్పిన నెల దాటిపోయింది. ఆసుపత్రి నుంచి మళ్ళీ ఫోను వచ్చింది, మళ్ళీ వచ్చింది, తర్వాత రాలేదు.

ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున్న సోమలమ్మ వచ్చింది. చింతపండు గంప నెత్తి మీద నుంచి దించి, వరండా మెట్టు మీద కూలబడింది. కూటం తర్వాత ఆవిడ మళ్ళీ కనబడలేదు. బాగా చిక్కిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. జెన్నీ టీ తెచ్చిస్తే పక్కన పెట్టేసింది. చల్లారాక తాగుతానంది. చల్లారాక కూడా రెండు గుక్కలే తాగి మొహం ముడుచుకుంది. దగ్గరికి వెళ్తే ఒక రకమైన వాసన వస్తోంది. ప్రేమావతి చేతిలో పని పక్కన పెట్టింది.

“ఏటైంది సోమలమ్మా నోటికి?”

“ఏటి లేదప్పా. నీకొచ్చినట్టే నాకూ పుండొచ్చింది. పోతాది.” ప్రేమావతిని ఆవిడ అప్పా అనే పిలుస్తుంది. కొండ మీద తోడబుట్టిన అక్కలకంటే ఈ అప్ప మీదే నమ్మకం ఎక్కువ.

“ఎన్నాళ్ళ బట్టి?”

“మీ ఇంట్లో కూటం నాటికే ఉన్నాది. కూర మండితే నువ్వే కదా మజ్జిగ పోసేవు.” సోమలమ్మ నవ్వబోయింది, నొప్పేసి ఆగిపోయింది. “అప్పుడు సిన్నదే. ఊళ్ళోకొచ్చే నర్సమ్మ సూసి ఇశాకపట్నం ఎల్లిపో, బేగి ఎల్లు అంది. ఎల్దావనే అనుకున్నాను. ఈలోపల నువ్వు సాక్ష్యం సెప్పేవు. నీకు ప్రార్థనతోటే పోయింది కదా, మరి నాకెందుకు పోదు అనుకున్నాను. అప్పటికాడి నుంచి మోకాళ్ళ మీదే ఉన్నానప్పా. అడ్డపొగ కూడా మానీసేను.”

నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఈ అడ్డపొగ ఆ పక్కల ఆడవాళ్ళకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అది మానిపించాలని ప్రేమావతి ఎన్నేళ్ళు పోరిందో లెక్కలేదు. ఇప్పుడు మానేసిందంటే సంతోషించాల్సిన మాట. సంతోషం రాలేదు. ప్రేమావతి దగ్గరికి జరిగి, సోమలమ్మ కొంగు తప్పించింది. నోరు తెరవమంది. సోమలమ్మకి నోరు సగమే తెరుచుకుంది. ఆ సగంలోనే కనబడింది. నాలుక ఒక పక్కంతా తినేసి ఉంది. దవడ కింద కోడిగుడ్డంత గడ్డ.

ప్రేమావతి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. గుమ్మంలో జెన్నీ, షాపుకి బయల్దేరుతున్న దావీదు కూడా ఆగిపోయారు.

“సోమలమ్మా,” అంది ప్రేమావతి. “సోమలమ్మా, ఇలా సూడు.”

నోరు తెరిచి, నాలుక బయటికి పెట్టి, పక్కకి తిప్పి చూపించింది. ఎడమ అంచు లేదు. చెక్కేసినట్టు, కుట్ల మచ్చలతో ఉంది.

“నాకు కోసేరే. ఇశాకపట్నంలో డాక్టరు కోసేడు. ప్రార్థన సేసేను, నిజవే. కానీ కోసేరు. ఆ మాట నేను సెప్పలేదు.”

సోమలమ్మ ఆ నాలుక వంక చూసింది. ఆవిడకి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేదని ప్రేమావతి తర్వాత ఎన్నోసార్లు అనుకుంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

“మరి ఆ దినం ఎందుకు సెప్పలేదప్పా?”

ప్రేమావతి సోమలమ్మ పాదాలు పట్టుకుని బావురుమంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరి కన్నీళ్ళో తుడవడానికి అలవాటుపడిన మనిషి, తన కన్నీళ్ళు ఎలా తుడుచుకోవాలో తెలియనట్టు ఏడ్చింది. దావీదు చేతిలో సంచి కింద పెట్టేశాడు. “ఆటో పిలు జెన్నీ,” అన్నాడు, “సోమలమ్మని ఇవాళే తీసుకెళ్దాం. దాచమన్నది నేను. పద, నేనూ వస్తాను.”

విశాఖలో సోమలమ్మని చూసిన డాక్టరు ఆవిణ్ణి బయట కూర్చోబెట్టించి, వీళ్ళతో చెప్పాడు. దవడ ఎముకలోకి పోయింది, మెడలో రెండు పక్కలా ఉంది, కోసే దశ దాటిపోయింది. నొప్పికి మందులిస్తానన్నాడు. ముందే, పుండు చిన్నగా ఉన్నప్పుడే వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, ఎదురుగా ఉన్న ప్రేమావతి మొహం చూసి ఆ మాట పూర్తిచెయ్యలేదు. తర్వాత ప్రేమావతి మెడ తడిమాడు. ఒకచోట వేళ్ళు ఆగాయి. మళ్ళీ తడిమాడు. జెన్నీ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆపరేషన్‌కి ముందు వచ్చిన ఆదివారం, ఆరాధన అయ్యాక ప్రేమావతి అయ్యగారిని అడిగి లేచి నిలబడింది. సంఘం మళ్ళీ స్తోత్రం అనడానికి సిద్ధపడింది. ఆవిడ పాట పాడలేదు, ఏడవలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. తనకి వచ్చింది క్యాన్సర్ అని, పన్ను పీకించుకోవడం అబద్ధమని, నాలుక కోశారని, మెడ కూడా కోయించుకోమంటే సాక్ష్యం చెప్పేశానన్న సిగ్గుతో వెళ్ళలేదని చెప్పింది. పళ్ళపొడిలో పొగాకు ఉందని తెలిసీ వాడానంది. తన మాట నమ్మి సోమలమ్మ ఇంట్లో ఉండిపోయిందని చెప్పేటప్పుడు మాత్రం పక్కనే నిలబడిన దావీదు చెయ్యి పట్టుకుంది.

“మీలో ఎవరికి నోట్లో పుండు మానకపోయినా ప్రార్థన సెయ్యండి. సేసి బస్సెక్కండి,” అంది. “రొట్టె ఇంకెవరైనా సెయ్యండి. నా సేత్తో తినమని ఇంక మిమ్మల్ని అడగను.”

ఎవరూ స్తోత్రం అనలేదు. ఆడవాళ్ళ వరసలో ఈశ్వరి అనే ముసలావిడ ఒక్కర్తే లేచి వచ్చి ప్రేమావతిని కౌగిలించుకుంది. కొందరు తలదించుకున్నారు. కొందరు గబగబా బయటికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత వారం వీధి కొళాయి దగ్గర ఒకామె తన బిందె కొంచెం దూరంగా జరుపుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, నోటికి జబ్బొచ్చినప్పుడు ఊరు ఎప్పుడూ ఒక్కలా ఉండదు.

మెడ ఆపరేషన్ అయింది. తీసిన గ్రంథుల్లో జబ్బు ఉంది. రేడియేషన్ కూడా ఇవ్వాలన్నారు. ముందు చెప్పినప్పుడే వచ్చి ఉంటే అది లేకుండా పోయేదా అని జెన్నీ అడిగింది. పోయి ఉండొచ్చు, ఖాయంగా చెప్పలేమన్నాడు డాక్టరు. ఇప్పుడు ఎలా ఉంటుందంటే, చూడాలి, అవకాశం ఇంకా ఉంది, ముందున్నంత లేదన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఆ కుటుంబం ఇప్పటికీ బతుకుతోంది.

రేడియేషన్‌కి రోజూ రావాలి కాబట్టి విశాఖలోనే ఒక గది తీసుకున్నారు. నోరంతా పొక్కిపోయింది. ప్రేమావతి జావ కూడా మింగలేకపోయేది. ఒకరోజు జెన్నీ చెంచాతో పట్టిస్తుంటే కోడలి మణికట్టు పట్టుకుని ఆపింది.

“నన్ను తిట్టవేటే?” అంది నెమ్మదిగా. “ఆ రోజు నువ్వన్నదే నిజం. రొట్టె కోసవే.”

జెన్నీ చెంచా గిన్నెలో పెట్టింది. “తిట్టాలని చాలా ఉందత్తయ్యా,” అంది. “మిమ్మల్ని ఎత్తుకుని అయినా తీసుకొచ్చెయ్యాల్సింది నేను. మాట్లాడ్డం మానేసి కూర్చున్నాను. నేను అలిగిన రోజులన్నీ మీ మెడలోకే పోయాయి.”

ప్రేమావతి కోడలి తల తన ఒళ్ళోకి లాక్కుంది. కుడి చెయ్యే ఎత్తగలదు, ఎడమ భుజం ఇంకా లేవడం లేదు. ఆ ఒక్క చేత్తోనే చాలాసేపు జుట్టు నిమిరింది. తర్వాత జావ చల్లారిపోతోందని తనే గుర్తుచేసింది.

వానలు పడ్డాక ఇంటికొచ్చారు. మొదటి ఆదివారానికి రెండ్రోజుల ముందు అయ్యగారు వచ్చి వరండాలో కూర్చున్నారు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక టీ తాగారు, వానల గురించి మాట్లాడారు. చివరికి చెప్పారు. సోమలమ్మ మంచం పట్టింది. ఇంక రోజులే అంటున్నారు. ప్రభు బల్ల తీసుకుంటావా అని కబురు పంపితే కూతురు సీతాలు చేత ఒక మాట చెప్పించిందట, అప్ప రొట్టె అయితే తీసుకుంటానని.

ప్రేమావతి లోపలికెళ్ళి పిండి తీసింది. ఎడమ చెయ్యి సహకరించలేదు. జెన్నీ వచ్చి పక్కన కూర్చుని పళ్ళెం కదలకుండా పట్టుకుంది. ఇద్దరూ కలిసి పిండి కలిపారు, ఇద్దరూ కలిసి ఒత్తారు. దావీదు పెనం దగ్గర నిలబడి తిప్పాడు, ఒక పక్క కొంచెం మాడ్చాడు.

గొలుగొండ దాకా ఆటోలో వెళ్ళి, అక్కడి నుంచి గూడేనికి నడిచారు. దారంతా బురద. సోమలమ్మ నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మొహంలో కళ్ళు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ప్రేమావతి అడుగుల చప్పుడు విని ఇటు తిరిగింది. మాట్లాడలేకపోయింది. చెయ్యి చాపింది.

అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె విరిచారు. విరిచాక ఆయనకి అప్పుడు తట్టింది, ఈ మనిషి ఎలా తింటుందని. ముక్క చేతిలో పట్టుకుని నిలబడిపోయారు. ప్రేమావతి ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుంది. ఆవగింజంత తుంపి ద్రాక్షరసంలో నానబెట్టి, అది మెత్తగా అయ్యేదాకా ఆగి, వేలి కొసతో సోమలమ్మ పెదవి మీద పెట్టింది.

సోమలమ్మ గొంతు కదిలింది. మింగింది. రసం పెదవి పక్క నుంచి కారితే ప్రేమావతి కొంగుతో తుడిచింది.

“తప్పు సేసేనే సోమలమ్మా,” అంది.

సోమలమ్మ చెయ్యి పైకి లేచింది. ప్రేమావతి మెడ మీద, కోత మచ్చ మీద ఆగింది. అటూ ఇటూ మెల్లగా తడిమింది. తర్వాత అదే చెయ్యి గుమ్మంలో నిలబడి ఉన్న కూతురి వైపు చూపించి, మళ్ళీ ప్రేమావతి నోటి వైపు చూపించింది. ఆ సైగ ఎవరికీ అర్థం కాలేదు, ప్రేమావతికి తప్ప.

ఆవిడ లేచింది. సీతాలుని దగ్గరికి పిలిచి వెలుతురు ఉన్న గుమ్మంలోకి తీసుకొచ్చింది. ఆ పిల్ల పెదాలకి కూడా చుట్ట కాల్చిన మరక ఉంది.

“నోరు తెరు తల్లీ,” అంది. “నాలుక బయటికి పెట్టి పక్కకి తిప్పు. ఇంకో పక్కకి. అంగిలి కూడా సూడనీ.”

జెన్నీ ఫోన్ లైటు వేసి పట్టుకుంది. ప్రేమావతి కళ్ళనీళ్ళు అడ్డం పడుతుంటే తుడుచుకుని మళ్ళీ చూసింది. ఎడమ అంచు, కుడి అంచు, నాలుక కింద. తొందరపడలేదు. అంతా చూశాక వెనక్కి తిరిగి మంచం వైపు వెళ్ళి, సోమలమ్మ చెవి దగ్గర వంగింది.

“ఏటి లేదే. శుబ్బరంగా ఉంది. రేపటి నుంచి చుట్ట మానిపిస్తాను. నెలనెలా నేనే వచ్చి సూస్తాను,” అంది. “ఇది నిజం. అంతా సెప్పేను.”

సోమలమ్మ కళ్ళు మూసుకుంది. ప్రేమావతి ఆ చెయ్యి వదలకుండా మంచం పక్కన నేల మీదే కూర్చుంది. బయట వాన మళ్ళీ మొదలైంది.